డాక్టరమ్మగారి నిద్ర

కడుపులో బిడ్డ అడ్డం తిరిగింది. వాళ్ల నాన్న పోలిక అనుకుని నేను ఊరుకున్నాను. డాక్టరమ్మగారు ఊరుకోలేదు. వచ్చే గురువారం ఆపరేషను చేద్దామన్నారు. ఆ మిగిలిన రోజులు అమలాపురం బస్టాండులో కూర్చున్నట్టే గడిచాయి: కాళ్లు వాచేవి, కళ్లు మూతలు పడేవి.

మధ్యాహ్నాలు నిద్రో మెలకువో తెలిసేది కాదు. గన్నవరం అక్విడక్టు దగ్గర పైన వంతెన మీద కాలువ పారుతుంది, కింద గోదారి పాయ. ఆ రెండు నీళ్ల మధ్య ఎక్కడో నేను తేలుతున్నట్టుండేది. నాలో ఇంకెవరో తేలుతున్నట్టుండేది. కలలోకి కూడా ఒక భయం వెంట వచ్చేది. వెన్నుకు మత్తిచ్చి కోస్తారట, నేను మాత్రం మెలకువగానే ఉంటానట. ఎవరైనా "భయమా?" అంటే, "డాక్టరమ్మగారికి లేకపోతే చాలండి" అనేదాన్ని. నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు.

మంగళవారం మధ్యాహ్నం అత్తగారు ఇంట్లో ప్రార్థన పెట్టించారు. సంఘం ఆడవాళ్లు వచ్చి చాపల మీద కూర్చున్నారు. పాట అయ్యాక వాళ్లలో పెద్దావిడ అడిగింది.

"ప్రార్థన అంశం ఏంటమ్మా? చెప్పు."

భయమని చెబుదామనే నోరు తెరిచాను. "బుధవారం రాత్రి డాక్టరమ్మగారికి బాగా నిద్ర పట్టాలండీ" అని వచ్చింది.

"ఆయ్" అందావిడ, ఏమాత్రం నవ్వకుండా.

అందరూ కళ్లు మూసుకున్నారు. డాక్టరమ్మగారి నిద్ర కోసం, ఆవిడ గదిలో కరెంటు కోసం, ఆ వీధి కుక్కల మౌనం కోసం కన్నీళ్లతో వేడుకున్నారు. ఆ గొంతుల హోరులో హాయిగా నాకే కునుకు పట్టింది. ఆమేన్ దగ్గర లేచాను.

టీ తాగి అందరూ వెళ్లాక, చాపలు చుడుతూ అత్తగారన్నారు.

"ఆవిడ నిద్ర దేవుడు చూసుకుంటాడులే. మరి నీ సంగతేంటి?"

జోకు కోసం వెతికాను. దొరకలేదు.

"భయంగా ఉందండీ అత్తయ్యగారూ. కోస్తుంటే మెలకువగా ఉండాలట."

"ఆయ్" అన్నారు. ధైర్యం చెప్పలేదు. మంచం మీద నన్ను కాస్త జరగమని పక్కన నడుం వాల్చారు. "నాకూ భయంగానే ఉందమ్మా. లేపోతే ఇంతమందిని పిలుస్తానేంటి?"

కిటికీలోంచి కొబ్బరాకుల నీడ మా ఇద్దరి మీదా మెల్లగా ఊగుతోంది. లోపల బిడ్డ కదిలింది. ఆవిడ చెయ్యి తీసుకుని అక్కడ పెట్టాను.

"ఇంకా అడ్డంగానే ఉన్నట్టుంది" అన్నారు, నిద్రగొంతుతో.

"ఆయ్" అన్నాను.