కడుపులో బిడ్డకు చెప్పని చావు

మెలిస్ ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు, ఎవరి సొమ్మూ తిన్నవాడు కాదు. వాడికున్న జబ్బల్లా ఒక్కటే. ఇద్దరు గొంతు తగ్గించి మాట్లాడుకుంటే చాలు, వాడి మొహం పాలిపోయేది. ఇంట్లోవాళ్లు కాస్త ఆలస్యమైతే గుమ్మానికీ వీధికీ తిరుగుతూ చచ్చేవాడు. "మగాడివేనా నువ్వు? కుందేలు పాలు తాగి పెరిగావా?" అని మంచుకొండల నడుమ నరీన్ ఏటి ఒడ్డునున్న ఆ ఊళ్లో వాణ్ణి ఎగతాళి చెయ్యనివాళ్లు లేరు. తల్లి సైరకుల్ మాత్రం ఏనాడూ నవ్వలేదు. ఆ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆవిడకు తెలుసు.

ఆవిడ మొగుడు తుర్దుబెక్ సోవియట్ల కాలంలో గొర్రెల కాపరి. మెలిస్ కడుపులో ఉండగా కొండ కనుమలో మంచుచరియ విరిగి మీద పడి చనిపోయాడు. కడుపుతో ఉన్నదానికి చావుకబురు చెబితే బిడ్డకు దెబ్బ అని అక్కడి నమ్మకం. అత్తగారు ఏటి అవతల చిన్నకొడుకు పెరట్లో, అక్కడి ఆచారం ప్రకారం శవాన్ని ఉంచి ఏడ్చే గుడారం వేయించి, అట్నుంచి అటే సాగనంపించింది. కోడలితో మాత్రం "మీ ఆయన దూరపు మేతకు వెళ్లాడే, మంచు కరిగాక వస్తాడు" అంది.

పెద్దల తెలివి తెల్లారినట్టే ఉంది! ఊరంతటికీ తెలిసిన చావు పెళ్లానికి తెలియకుండా ఉంటుందా? సైరకుల్ నీళ్లకు వెళ్తే ఆడవాళ్లు మాట ఆపేసేవారు. అత్తగారు కళ్లు వాచిపోయి వచ్చి ఉల్లిపాయలు కోశాననేది. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని సైరకుల్ అడగలేదు. కుక్క మొరిగినా గుండె జారిపోయేది. అలా జారినప్పుడల్లా కడుపులో బిడ్డ ఉలిక్కిపడేవాడు.

వాడు పుట్టాకగానీ ఆవిడకు నిజం చెప్పలేదు. పుట్టాకా వాడికి అదే ఉలికిపాటు. కాస్త ఊహ వచ్చాక, నిద్రపోతున్న తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఉందో లేదో చూసుకునేవాడు. పట్నంలో డాక్టరమ్మకు చూపిస్తే, "వీణ్ణి మోస్తున్నప్పుడు నీకేమైనా కష్టం వచ్చిందా?" అని అడిగింది. అంతవరకు ఆ మాట అడిగినవాళ్లే లేరు. సైరకుల్ అంతా చెప్పింది. "తల్లి భయం బిడ్డకు అందుతుందమ్మా. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. వీడికి అదే అయ్యుండొచ్చు" అంది డాక్టరమ్మ. బస్సులో ఇంటికొస్తూ సైరకుల్ కుళ్లి కుళ్లి ఏడ్చింది. చెప్పి ఉంటే ఆనాడే గుండె పగిలేలా ఏడ్చేసేదాన్ని కదా అనుకుంది.

ఆలస్యంగానైనా మెలిస్‌కు మంచి పెళ్లాం దొరికింది. బురుల్ గలగలా మాట్లాడే పిల్ల. "పిడకలు తేవడానికి పెరట్లోకి వెళ్తున్నా, చచ్చిపోను, సరేనా?" అని వాణ్ణి ఆటపట్టించేది. వాడూ సిగ్గుపడి నవ్వేవాడు. పెళ్లయిన మూడో వేసవిలో ఆమె నెల తప్పింది.

ఆరో నెలలో పరీక్షకని బురుల్ పట్నం వెళ్లింది. కనుమలో మంచు పడి దారి మూసేశారు, ఫోను కలవలేదు. ఆమె పిన్నిగారింట్లో ఆగిపోయిందని ఇక్కడెవరికీ తెలియదు.

"ఆగరా, వస్తుంది" అంది సైరకుల్.

"నావల్ల కాదమ్మా" అంటూ మెలిస్ గుర్రమెక్కాడు. దగ్గరదారని గడ్డకట్టిన ఏటి మీదుగా వెళ్లాడు. మర్నాడు మంచు పగిలిన చోట శవం దొరికింది.

దారి తెరిచారని, బురుల్ వ్యానులో వస్తోందని అంతలోనే కబురొచ్చింది. మరిది అసనలి పెద్దలను వెంటబెట్టుకొచ్చాడు. "వదినా, గుడారం మా పెరట్లో వేయిస్తాను. వాడు రష్యాకు పనికి వెళ్లాడని పిల్లతో చెబుదాం."

"మళ్లీనా?"

"కడుపు పోతే నీ కొడుకు గుర్తు కూడా మిగలదు. ఆలోచించు."

సైరకుల్ ఆలోచించింది. అదే నిజమైతే? ఆ పాపం ఏ నీళ్లతో కడుక్కోవాలి? అయినా, "నా వాకిట్లోనే వెయ్యండి. ఏమైనా అయితే నా నెత్తిన వెయ్యండి" అంది.

వ్యాను దిగిన బురుల్ వాకిట్లో గుడారం చూసి నిలబడిపోయింది. అందరూ తలలు దించుకున్నారు. సైరకుల్ వెళ్లి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"మెలిస్ పోయాడే తల్లీ. నిన్ను వెతుక్కుంటూ వెళ్లాడు. ఏటి మీద మంచు విరిగింది."

"నా కోసమా? నా వల్లనేనా అత్తయ్యా?"

"కాదే. ఆ భయం వాడు పుట్టకముందు మేం పెట్టిందే. నీ తప్పు కాదు."

బురుల్ గావుకేక పెట్టింది. ఆడవాళ్లు ఆమెను గుడారంలోకి తీసుకెళ్లి, ఆచారం ప్రకారం మొహం గుడారం గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. శోకాలు పెడుతూ పెడుతూ ఆమె హఠాత్తుగా నోరు నొక్కుకుంది.

"కదులుతున్నాడత్తయ్యా. నేనేడవకూడదు."

సైరకుల్ ఆ కడుపు మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలా గొంతెత్తింది.

"ఒరే నాయనా, మీ నాన్న చచ్చిపోయాడురా. అందుకే మీ అమ్మ ఏడుస్తోంది. ఇంకేం లేదు. ఇక్కడ నీ దగ్గర ఎవరూ ఏమీ దాచడం లేదు."

ఆవిడ కోడలి నోటిమీంచి చెయ్యి తీసింది.

"ఏడువమ్మా" అంది. "వాణ్ణి విననీ."