బ్యాటరీలు వచ్చిన రోజు

ఓబన్నను నేను తిట్టినన్ని తిట్లు వాళ్ళమ్మ కూడా తిట్టి ఉండదు. అయినా ఆ మనిషి మా అరుగు మీదికి రావడం మానలేదు. వచ్చి, నిచ్చెన గోడకు ఆనించి, టోపీ తీసి దులుపుకొని, "వదినా, రొన్ని మంచినీళ్ళు" అంటాడు. చెంబు నిండా ఇచ్చి మరీ తిట్టేదాన్ని.

మా ఊరు మైదుకూరు నుంచి నల్లమల వైపు పోయే దారిలో, కొండ అంచున ఉంటుంది. ఊరికి సెల్ టవరు ఒక్కటే, అది సర్కారు ఫోను కంపెనీది. వేరే కంపెనీల సిగ్నలు కావాలంటే చర్చి మిద్దె ఎక్కి చెయ్యి పైకెత్తి నిలబడాల్సిందే. ఆ టవరును చూసుకునేవాడు ఓబన్న. మీసాలు సరిగా రాని వయసులో కేబులు గుంతలు తవ్వడానికి చేరి, అక్కడే ముసలివాడైపోయాడు. ఇప్పటికీ కాంట్రాక్టు మనిషే. అయినా నోరు తెరిస్తే "మన కంపెనీ" అంటాడు. ఆ కంపెనీ మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఇతను మనవాడే అన్న పాపాన పోలేదు.

ఒకప్పుడు ఓబన్న దర్జా చూడాలి. ఇంటికి ఫోను రావాలంటే ఏళ్ళకేళ్ళు కాచుకున్న రోజులవి. మా సంఘంలో పెళ్ళి పత్రిక మొదట పాస్టరుగారికి, ఆ తర్వాత ఓబన్నకే. కోడి కోస్తే తొడ ముక్క ఆయన పళ్ళెంలో పడాల్సిందే. తర్వాత కొత్త కంపెనీలు వచ్చాయి. రంగురంగుల గొడుగులు వేసుకొని సంతలో సిమ్ములు ఊరికే పంచారు. సర్కారు కంపెనీలో పర్మినెంటు వాళ్ళు చాలామంది ముందే రిటైర్మెంటు తీసుకొని ఇళ్ళకు పోయారు. వాళ్ళు చేసే పని కూడా వచ్చి ఓబన్న నెత్తిన పడింది. వీడియోలు తిరగడం లేదని ఊళ్ళో పిల్లలు విసుక్కుంటే వాళ్ళను బతిమాలేదీ ఓబన్నే. ఇదిగో కొత్త మిషన్లు, అదిగో కొత్త మిషన్లు అంటూ ఊరినంతా ఆ సిమ్ము మీదే నిలబెట్టాడు. ఎవరికైనా ఆపదొస్తే అంబులెన్సుకు ఫోను పోయే పూచీ తనదని ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందరా మాటిచ్చాడు. ఆ మాట ఇప్పించింది మా ఆయనే.

మా ఆయన పేరు లేవి. సంఘ పెద్ద. పసుపు పండిస్తాడు, ఆదివారం చర్చిలో వాక్యం చదువుతాడు. ఆయన గొంతుకు మైకు అక్కర్లేదు. చివరి చాప మీద కునుకుతున్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి లేచి కూర్చునేవాళ్ళు.

రెండేళ్ళ కిందట టవరు బ్యాటరీలు చచ్చిపోయాయి. కరెంటు పోతే చాలు, ఊళ్ళో ఫోన్లన్నీ మూగబోయేవి. ఓబన్న ఆఫీసుకు తిరిగి తిరిగి చెప్పులు అరగదీశాడు. వస్తాయి వస్తాయి అన్నారే గానీ ఏదీ రాలేదు. ఇక లాభం లేదని మా ఆయన చర్చి ఇన్వర్టరు బ్యాటరీలు రెండూ విప్పించాడు. దేవుని సొమ్ము టవరుకు పెడతావా అని నేను పెద్ద రగడ చేశాను. నా మాట వినేదెవరు? మా ఊళ్ళోనే రైతు శివన్న తన పాత ట్రాక్టరుది ఒకటిచ్చాడు, నాలుగోది ఓబన్న ఎక్కడో పాత సామాన్ల అంగట్లో పట్టుకొచ్చాడు. నాలుగూ కలిపి తగిలిస్తే టవరు ఇక ఆగలేదు. ఓబన్న మళ్ళీ ఛాతీ ముందుకు పెట్టి నడిచాడు. చర్చిలో మైకు లేకపోయినా మా ఆయన గొంతు ఉండనే ఉందిగా, ఎవరికీ లోటు తెలియలేదు.

అక్కడే మా కొంప మునిగింది. ఆఫీసుకు కొత్త బ్యాటరీలు వచ్చాయి గానీ, అవి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పోయి మా ఊరికి మాత్రం రాలేదు. ఓబన్న కడపకు పోయి అడిగాడు. మీ టవరు ఈమధ్య ఆగినట్టే కంప్యూటరులో కనపడటం లేదు, ఆగిపోయేవాటికి ఇవ్వకుండా ఆడేదానికి ఎట్లా ఇస్తామన్నారట. అందులో ఒక కుర్ర ఆఫీసరు మంచివాడే, వెంట వచ్చి మెల్లగా చెప్పాడట. ఆ బ్యాటరీలు కొన్నాళ్ళు తీసెయ్, టవరు పడిపోతా ఉంటే మీకూ వస్తాయని.

ఓబన్న వచ్చి అరుగు మీద కూలబడి ఇదంతా చెప్పాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఊరంతా చేరి దాన్ని బతికించుకోవడమే తప్పైపోయిందా? మా ఆయన మాత్రం నవ్వాడు.

"కొన్ని దినాలే గదప్పా. తీసెయ్. మైకు మోగక శానా దినాలాయె."

"ఈలోపల ఎవరికన్నా ఏమన్నా అయితే అన్నా?" అన్నాడు ఓబన్న.

"ఏమైతాది? దేవుడుండాడు పో."

బ్యాటరీలు చర్చికి తిరిగొచ్చాయి. మా ఆయన మైకు తుడిచి, ఊది, పిల్లాడిలా మురిసిపోయాడు. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం లైను పని ఉందని కరెంటు తీశారు. సంగటి తిని చెయ్యి కడుక్కోవడానికి లేచిన మనిషి చెంబు జారవిడిచాడు. కుడి చెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకు పోయింది. నేను ఫోను నొక్కుతూనే ఉన్నాను. అందులో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

పక్కింటి జీవిత వేరే కంపెనీ సిమ్మున్న తన ఫోను పట్టుకొని చర్చి మిద్దె ఎక్కింది. కలిసినట్టే కలిసి తెగిపోయింది. ఓబన్న ఎక్కడి నుంచి పరిగెత్తుకొచ్చాడో తెలియదు, చర్చిలోకి పోయి బ్యాటరీ పీకి భుజానికెత్తుకొని టవరు వైపు ఉరికాడు. మళ్ళీ వచ్చి ఇంకొకటి మోశాడు. అవి తగిలించి అతను అంబులెన్సుకు ఫోను కలిపేసరికి మేము శివన్న ట్రాక్టరులో మా ఆయన్ను పడుకోబెట్టుకొని సగం దారిలో ఉన్నాము. ఇంకొంచెం ముందు తెచ్చి ఉంటే బాగుండేదని కడపలో డాక్టరు అన్నాడు. ప్రాణం దక్కింది. కుడి పక్క పోయింది, మాట పోయింది.

ఆసుపత్రి వరండాలో అందరి ముందరా ఓబన్నను పట్టుకొని కడిగేశాను. నీ టవరు కూలిపోనూ అన్నాను, నీ మాట మట్టిగొట్టుకుపోనూ అన్నాను. బ్యాటరీలు తీసెయ్యమన్నది నీ మొగుడే గదా అని అతను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కాస్త ఊపిరాడేది.

ఆ తర్వాత ఊరు ఫోన్ల సంగతి ఓబన్నను అడగడం మానేసింది. శివన్న తన బీడులో వేరే కంపెనీ టవరుకు జాగా ఇచ్చాడు. చూస్తుండగానే అది లేచి నిలబడింది. అదంతా అయ్యాక, టవరు ఆగిన సంగతి కంప్యూటరులో పడిందేమో, ఒకనాడు పొద్దున సర్కారు జీపు వచ్చి కొత్త బ్యాటరీలు దించిపోయింది. ఓబన్న ఒక్కడే వాటిని బిగించుకున్నాడు. ఆ రోజూ కరెంటు పోయింది గానీ సర్కారు సిగ్నలు మాత్రం నిండుగా నిలబడింది.

అదే రోజు చర్చి గేటు దగ్గర కొత్త కంపెనీవాడు గొడుగు వేశాడు. పాత నంబరు పోకుండా కంపెనీ మారాలంటే పాత సిమ్ము నుంచే సందేశం పంపాలట. అంటే దానికి సర్కారు సిగ్నలే కావాలి. ఇప్పుడది దండిగా ఉంది కదా, జనం బారులు తీరారు. ముసలివాళ్ళకు ఆ సందేశం కొట్టడం రాక, ఎవరి దగ్గరికి పోయారనుకున్నారు? ఓబన్న దగ్గరికే. అతను టవరు గేటు ముందు కూర్చొని ఒక్కొక్కరి ఫోనూ తీసుకొని కొట్టి ఇచ్చాడు. ఎవరినీ ఉండిపొమ్మని అడగలేదు.

నేను పోలేదు. అతనే మా అరుగు మీదికి వచ్చాడు, నీళ్ళు అడగలేదు. రెండు ఫోన్లూ తెచ్చి ముందర పెట్టి పంపమన్నాను. నాది పంపాడు. మా ఆయనది తీసుకోబోతే, అరుగు మీద వేసిన మంచంలో నుంచి ఆయన ఎడమ చెయ్యి వచ్చి ఫోనును అదిమి పట్టింది.

"ఇయ్యన్నా. నేను మాట నిలబెట్టుకోలేకపోతి," అన్నాడు ఓబన్న.

మా ఆయన ఇవ్వలేదు. ఎడమ బొటనవేలితో తడుముకుంటూ ఏదో నొక్కాడు. ఓబన్న జేబులో ఫోను మోగింది. అతను బిత్తరపోయి తీసి చెవికి పెట్టుకున్నాడు. మా ఆయన కూడా తన ఫోను చెవికి పెట్టుకొని అతని మొహంలోకే చూస్తున్నాడు.

"వినపడతాండాది అన్నా," అన్నాడు ఓబన్న ఫోనులోకి. "చెప్పు."

ఊరంతా ఉలిక్కిపడేలా వాక్యం చదివిన మనిషి, ఊపిరి మాత్రం తీసి వదిలాడు. అది ఓబన్న ఫోనులో నుంచి నాకు కూడా వినపడింది. నేను లేచి, ఓబన్నకు చెంబు నిండా నీళ్ళు తెచ్చి పెట్టాను. తిట్టడానికి నోరు రాలేదు.