కెమెరా ముందు దండం

నేను పనిచేసే స్టోర్ల కంపెనీకి సొంత ట్రక్కులున్నాయి. వాటిలో ఒకటి నడిపిన తెలుగాయనకు ఒక అలవాటు ఉండేది. ఇంజన్ ఆన్ చేశాక, రెండు చేతులూ స్టీరింగ్‌కి తాకించి, కళ్ళు మూసుకుని కళ్ళకద్దుకునేవారు. క్యాబిన్‌లోని కెమెరాకు దండమంటే ఏం తెలుసు? నిద్రమత్తు అని నమోదు చేసి నాకు అలర్ట్ పంపేది. పని చేస్తూ నేర్చుకున్న లెక్కలతో డ్రైవర్ల సేఫ్టీ స్కోర్లు వేసేది నేను.

అంతకుముందు ఆయన వారాల తరబడి రోడ్డు మీదే గడిపిన డ్రైవర్. రోజూ ఇంటికి చేరే రూట్ ఇస్తామంటేనే మా దగ్గర చేరారు. ఈ అలర్ట్‌ల వల్ల ఆయన స్కోరు ఇంకాస్త తగ్గితే ఆ రూట్ పోతుంది. అది దండమని నేను రాసి పంపినా మేనేజర్ ఒప్పుకోలేదు. షాంటిలీ అనే ఊరి దగ్గర, ట్రక్కులు నిలిపే మా యార్డ్‌లో ఆయన్ని పక్కకి పిలిచాను.

"అన్నా, ఇంజన్ ఆన్ చేయకముందే దండం పెట్టేసుకోండి. అప్పుడు కెమెరా రికార్డ్ చేయదు."

"ఆగి ఉన్న బండికి దండమెందుకు తమ్ముడూ? కదిలే బండితోనే కదా మనకి పని."

"రూట్ పోతే వదిన నన్ను తిడుతుంది."

"నీకంత ఛాన్స్ ఇవ్వదులే, మొత్తం నన్నే తిడుతుంది," అని నవ్వి బండెక్కారు.

మర్నాటి నుంచి అలర్ట్‌లు ఆగిపోయాయి. స్కోరు నిలబడింది, కానీ ఆయన దండం మానేశారేమోనని నాకు మనసు కుదుటపడలేదు. ఆ ఉదయపు వీడియో తెరిచాను. ఒక చెయ్యి స్టీరింగ్ మీదే ఉంచి, రెండో చేతిని నుదుటికి తాకించుకున్నారు. కళ్ళు మాత్రం మూయలేదు. రెప్ప వేయకుండా తిన్నగా కెమెరాలోకే చూస్తున్నారు. ఆ దండం నాకే పెట్టినట్టనిపించి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను.