నలభై ఒకటో పోగు

మొన్న ఆదివారం మా మనవరాలు ముందు గదిలో పాత జంపఖానా ముక్కొకటి పరిచి, దాని మీద స్కేలు పెట్టి, ఫోనుతో ఫొటోలు తీస్తూ కనిపించింది. బళ్లో లెక్కల మీద ఒక వ్యాసం రాసుకు రమ్మన్నారట, టాపిక్ ఎవరికి వాళ్లే ఎంచుకోవాలట, ఇంట్లో ఉన్న వస్తువులోంచి అయితే మార్కులు ఎక్కువట. బీరువా అడుగున ఇన్నేళ్లుగా మడతపెట్టి ఉన్న ఆ ముక్క దాని కంట ఎలా పడిందో గానీ, దాని మీద నేసిన గుర్తులన్నీ లెక్కపెట్టి, ఎడమ అంచుకూ కుడి అంచుకూ తేడా ఉందని కనిపెట్టింది కూడా. అక్కడి దాకా నాకు ముచ్చటగానే ఉంది. ఫొటో కింద అది రాసుకున్న వాక్యం చదివాకే ఒళ్లు మండింది. 'నేసినవారి పొరపాటు వల్ల ఒక పోగు తక్కువైంది' అని రాసింది.

పిల్లదానికేం తెలుసు, పాపం. కానీ ఇంచుమించు అదే మాట నేను పదో తరగతిలో ఉండగా నిండు సభలో విన్నాను, అన్న మనిషిని ఇప్పటికీ క్షమించలేదు. ఈ వయసులో కోపాలు పెట్టుకుంటే బీపీ పెరుగుతుందని డాక్టరు చెబుతూనే ఉంటాడు గానీ, ఈ ఒక్క కోపాన్ని మాత్రం నేను మందులాగా రోజూ వేసుకుంటూనే ఉన్నాను. నా ఈడువాళ్లకు ఇది చెప్పక్కర్లేదు, మన సార్లు కొట్టిన బెత్తం దెబ్బలు ఎప్పుడో మరిచిపోయాం గానీ వాళ్లు అన్న మాటలు మాత్రం ఎవరం మరిచిపోయాం?

మాది కాశిబుగ్గ. మా నాన్నను బాపు అంటాం, ఆయన జంపఖానాలు నేసేవాడు. ఇంట్లో సగం మగ్గమే ఉండేది, మిగిలిన సగంలో మేం ఉండేవాళ్లం. పదో తరగతి అయ్యాక నన్ను బడి మాన్పించి మగ్గానికి దారం కండెలు చుట్టడానికి కూర్చోబెట్టాలని మా అమ్మ ఆలోచన. ఆమెను తప్పుపట్టను, ఆ వీధిలో ఆడపిల్లలందరికీ జరిగేది అదే. బాపు అటూ ఇటూ చెప్పకుండా చాలా రోజులు నానబెట్టి, చివరికి ఒక మెలిక పెట్టాడు. ఆ ఏడాది జిల్లాలోని బళ్లన్నిటికీ లెక్కల వ్యాసం పోటీ పెట్టారు, ఒక్కో బడి నుంచి ఒక్కరే వెళ్లాలి. నా వ్యాసాన్ని మా బడి పంపిస్తే నేను కాలేజీకి వెళ్లవచ్చు, పంపకపోతే కండెల దగ్గరికి. అలా నా చదువు మొత్తం ఒక టాపిక్ మీదికి వచ్చి కూర్చుంది.

ఇక ఆ టాపిక్ కోసం నేను పడిన పాట్లు చెబితే నవ్వుతారు. తరగతిలో అందరూ పుస్తకం చివరి పేజీలు తిరగేసి ఒకరు సున్నా చరిత్ర అనీ, ఒకరు వృత్తాలనీ రాసుకున్నారు. నాకు మాత్రం గొప్పగా కనిపించాలని ఆశ, అందుకని 'అనంతం' అని పేరు పెట్టి, ఒక పేజీ రాసేసరికి చెప్పడానికి ఏమీ మిగల్లేదు. అది చింపేసి ప్రధాన సంఖ్యలు అన్నాను, అవి లైబ్రరీ పుస్తకంలోవి ఉన్నవున్నట్టు దింపుతున్నానని నాకే తెలిసి సిగ్గేసింది. ఒక సాయంత్రం విసుగొచ్చి నోటుబుక్కు మూసి, బాపు మగ్గం మీది పడుగు పోగులు, అంటే నిలువు దారాలు, లెక్కపెడుతుంటే ఊరికే చూస్తూ కూర్చున్నాను. ఆయనకు ఎక్కాలు రావు, వేళ్ల మీదే లెక్క. వజ్రం ఆకారంలో ఉండే గుర్తులను అడ్డంగా వరుసగా నేస్తాడు, ఒక మొన నుంచి ఇంకో మొనకు ఎనిమిది పోగులు. అయిదు గుర్తులంటే అయిదెనిమిదులు నలభై కదా, ఆయన నలభై ఒకటి కట్టాడు. ఆరింటికి నలభై తొమ్మిది. తప్పు లెక్కపెడుతున్నాడేమోనని జాలిపడి చెప్పబోతే, బాపు తల ఎత్తకుండానే అన్నాడు, "గది చుట్టపు పోగు బిడ్డా. గది లేకుంటే ఆఖరు పువ్వుకు మొన రాదు, మొండిగ నిలవడ్తది."

ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. గుర్తుకూ గుర్తుకూ మధ్య ఉండే మొన రెండింటికీ ఉమ్మడిది, అయిదు గదుల వరుసకు ఆరు గోడలు కావలసినట్టు, చివర మూసేందుకు ఒకటి ఎప్పుడూ ఎక్కువ పడుతుంది. గుర్తులు ఎన్నున్నా, ఒక్కో గుర్తుకు ఎన్ని పోగులున్నా, గుణించి ఒకటి కలపాలి. బడికి వెళ్లని మా తాతల నుంచి వేళ్ల మీద నడిచి వచ్చిన ఈ సూత్రాన్ని నేను వారం రోజులు కూర్చుని పన్నెండు పేజీల్లో పెట్టాను. నాలుగు పోగుల గుర్తుకు, పది పోగుల గుర్తుకు, అంచు వేరుగా ఉంటే ఎలా, మధ్యలో పెద్ద గుర్తు వస్తే ఎలా అని ఒక్కొక్కటీ బాపును అడిగి, బొమ్మలు గీసి, సరిచూసుకుని రాశాను. ఆ తరవాత జీవితంలో చాలా చదివాను గానీ అంత సంతోషంగా మళ్లీ ఏదీ రాయలేదు.

మా లెక్కల సారు మట్టెవాడ నుంచి స్కూటరు మీద వచ్చేవాడు, ఇస్త్రీ చొక్కా, జేబులో ఎర్ర పెన్ను. నా నోటుబుక్కు రెండు రోజులు ఇంట్లో ఉంచుకుని, మూడో రోజు తరగతిలో తెరిచి అందరికీ చూపించాడు. నలభై ఒకటికీ, నలభై తొమ్మిదికీ, యాభై ఏడుకూ, వరసగా అన్నిటికీ ఎర్రగీతలు. "ఎనిమిదో ఎక్కం రాదు గని ఈమె వ్యాసం రాస్తదట. లెక్కలంటే కండెలు చుట్టుడనుకున్నవా?" అన్నాడు. తరగతంతా ఘొల్లున నవ్వింది. అవి తప్పులు కావు సార్ అని చెప్పడానికి లేచాను గానీ ఆ నవ్వుల మధ్య మళ్లీ కూర్చుండిపోయాను.

మరుసటి వారం నోటీసు బోర్డు మీద మా బడి తరఫున వెళ్లే వ్యాసం పేరు పెట్టారు: 'జంపఖానా నేతలో గణితం'. పక్కన నా పేరు లేదు, మా తరగతిలోనే చదివే సారు మేనల్లుడి పేరు ఉంది. వాడికి జంపఖానా మీద పడుకోవడం తప్ప దాని గురించి ఇంకేమీ తెలియదు. స్టాఫ్ రూములోకి వెళ్లి ఆ టాపిక్ నాది సార్ అన్నాను. ఆయన పేపరు మడవకుండానే చూసి, "టాపిక్ ఏమన్న నీ అయ్య జాగీరా?" అన్నాడు.

అప్పుడే, ఆ గుమ్మం దాటుతూనే, నేను నిర్ణయం తీసుకున్నాను. ఆయన ఆ ఒకట్లన్నీ కొట్టేసి, తన 'సరైన' లెక్కతోనే మేనల్లుడికి రాసిస్తాడని నాకు తెలుసు. రాయనీ అనుకున్నాను. ఎందుకు తప్పో నాకు ఒక్కదానికే తెలుసు, నేను చెప్పను.

కానీ ఆయన గర్వం నేను అనుకున్నదానికంటే పెద్దది. సభలో చూపించడానికి నమూనా ముక్క కావాలని, పోగులు దూరానికి కనిపించేలా దారం లావుగా ఉండాలని, స్కూటరు వేసుకుని కాశిబుగ్గలో ఎవరింటికో కాదు, మా ఇంటికే వచ్చాడు. మా బాపు పని మంచిదని వీధంతా చెప్పేది మరి. సారు వచ్చిండని బాపు భుజం మీది తువ్వాలతో కుర్చీ తుడిచి వేశాడు. సారు చీటీ ఇచ్చి వెళ్లిపోయాడు: అయిదు గుర్తులు, నలభై పోగులు. చీటీ నాతో చదివించుకుని బాపు తెల్లబోయాడు. "ఒకటి తక్కువున్నది బిడ్డా. సారుకు పొయ్యి చెప్పిరాపో." నేను వెళ్లనన్నాను, రాసినట్టే నెయ్యమని బతిమాలాను. "తెలిసి తెలిసి తప్పు పని నా మగ్గం మీద ఎక్కిస్తనా?" అని ఆయన రెండు రోజులు ఆ పని ముట్టుకోలేదు.

మూడో రోజు నేను జరిగినదంతా ఏడుస్తూ చెప్పేశాను, నోటుబుక్కు సంగతి, కండెల మాట, అన్నిటికంటే ఆఖరున 'నీ అయ్య జాగీరా' అన్న మాట. బాపు బీడీ ముట్టించుకుని, అది అయిపోయే దాకా కాల్చి, లేచి వెళ్లి నలభై పోగులే కట్టాడు. నా కోసం కట్టాడో, ఆ మాట తనకే తగిలి కట్టాడో నేను ఎన్నడూ అడగలేదు.

పోటీ హన్మకొండలో ఒక బడి హాల్లో జరిగింది. చప్పట్లు కొట్టడానికి మమ్మల్నందరినీ తీసుకెళ్లారు, ముక్కను మోసుకు రమ్మని బాపునూ పిలిచారు. మేనల్లుడు గడగడా చదివాడు, బాగా బట్టీ పట్టాడు పాపం. నిర్ణేతల్లో కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్ద మేడం ఉంది. ఆవిడ ముక్కను చేతిలోకి తీసుకుని సరిగ్గా సగానికి మడిచింది. ఎడమ చివర మొన ఉంది, కుడి చివర కత్తితో కోసినట్టు మొండిగా ఉంది. ఇదేమిటని మేనల్లుణ్ని అడిగింది. వాడు మామ వైపు చూశాడు. నా గుండె ఆనందంతో ఎగిరి గంతేసింది, నిజం చెబుతున్నాను, అంత సంతోషం పెళ్లినాడు కూడా కలగలేదు.

అంతలో సారు లేచి నవ్వుతూ, "నేసినాయన తప్పు మేడం. సదువు లేనోళ్లు గదా, పోగులు లెక్క తప్పిండు" అన్నాడు. హాలంతా వెనక్కి తిరిగి చూసింది. తలుపు దగ్గర తువ్వాల చేతిలో పట్టుకుని మా బాపు నిలబడి ఉన్నాడు. తల దించుకున్నాడు.

ఇది నేను అనుకోలేదు. పగ తీర్చుకోవడానికి అన్నీ లెక్క వేసుకున్నాను గానీ ఆ తప్పు ఎవరి నెత్తిన పడుతుందో లెక్క వేయలేదు. ఎలా లేచానో, బోర్డు దగ్గరికి ఎలా వెళ్లానో తెలియదు. అయిదు గదులు గీసి, ఆరు గోడలు లెక్కపెట్టి చూపించాను. ఎనిమిదో ఎక్కంలో వచ్చే ఏ సంఖ్య కట్టినా ఆఖరి గుర్తు మొండిగానే వస్తుందని చెప్పి, సంచిలోంచి నా నోటుబుక్కు తీసి మేడం చేతిలో పెట్టాను. ఆవిడ పేజీలు తిప్పి, ఈ ఎర్రగీతలు ఎవరివని అడిగింది. సారు జేబులో ఎర్ర పెన్ను అందరికీ కనిపిస్తూనే ఉంది. ఈలోగా మేనల్లుడు బావురుమని, "నాకేం తెల్వది మేడం, అంత మామనే రాసిచ్చిండు" అన్నాడు. నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు.

బహుమతి వేరే బడికి పోయింది, సారు అక్కడే వదిలేసిన ముక్కను బాపు తువ్వాలలో చుట్టి వెంట తెచ్చుకున్నాడు. తిరిగి వస్తుంటే దారిలో బాపు అన్నాడు, "నీ లెక్క గెల్సింది గదా, ఇగ సదువుకో బిడ్డా, మీ అమ్మకు నేను చెప్త. గని నాతోని మల్ల గసొంటి పని చేయించకు." ఆ మాట మీదే కాలేజీకి వెళ్లాను, ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఒక్క పిల్లకూ తప్పు ఎందుకు వచ్చిందో అడగకుండా గీత కొట్టలేదు. సారును ఆ తరవాత ఒకే ఒకసారి చూశాను, ముసలివాడై బస్టాండులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, పక్కనే ఖాళీ ఉన్నా నేను నిలబడే ఉన్నాను, నమస్కారం పెట్టలేదు. పెట్టి ఉండవలసిందని ఇప్పటికీ అనిపించదు.

ఈ కాలం పిల్లలకు టాపిక్ ఎవరూ లాక్కోరు, లాక్కున్నా ఊరుకోరు, అది సంతోషమే. మనవరాలికి ఇదంతా చెబితే ఆ వాక్యాన్ని ఒక్క నొక్కుతో చెరిపేసింది. నా నోటుబుక్కులో ఎర్రగీతలు మాత్రం అలాగే ఉన్నాయి. మరి ఇక్కడ ఏం రాయాలి అమ్మమ్మా అని అడిగితే మా బాపు పేరు చెప్పాను, నేసినవారు అని రాసి ఆ పేరు పెట్టింది. కాశిబుగ్గలో మా మగ్గం ఉన్న చోట ఇప్పుడు మొబైల్ షాపు ఉంది. ఆయన జీవితమంతా నేసిన జంపఖానాలు, మొనలన్నీ సరిగ్గా కూర్చున్నవి, ఎవరెవరి ఇళ్లలోనో పరుచుకుని అరిగిపోయి ఉంటాయి, వాటిలో ఒక్కదాని మీదా ఆయన పేరు లేదు. మా ఇంట్లో మిగిలింది ఇదొక్కటే. నేసినవారిగా ఆయన పేరు మొదటిసారి రాతలోకి ఎక్కింది కూడా దీని కిందే, నా కోసం తెలిసి తెలిసి తప్పు నేసిన ఈ ఒక్క ముక్క కిందే.