రాఘవులు మావయ్యా, ఒడ్డు చేరని పడవా

మా రాఘవులు మావయ్యకి మనుషుల మీద కోపం రాదు, పుస్తకాల మీద వస్తుంది. అందులోనూ నత్తనడక పుస్తకం దొరికిందా, రాసినవాడు ఎదురుగా ఉన్నట్టే తిట్టిపోసేవారు.

మా నేతగాళ్ళ బండారులంకలో పొద్దున్నే వీధి పొడుగునా, మగ్గానికెక్కించే నూలు పడుగు సాగదీసి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుతాం. ఎండెక్కేలోగా అయిపోవాలి. మా చేతులు ఆగకుండా, అరుగు మీద కూచుని కథ చదివి వినిపించడం మావయ్య పని. కథ పరిగెడితే కుంచెలూ పరిగెడతాయి. కథ కునికిందా, మేమూ కునుకుతాం, గంజి ఆరి దారాలు అతుక్కుపోతాయి.

ఆ ఏడు చెన్నపట్నంలో అచ్చయిన కొత్తరకం వచనకథ ఒకటి తెప్పించేరు. మొదటి పుటలో ఒకడు ఇంటికెళ్దామని పడవెక్కేడు. నెల తిరిగినా పడవ ఏటి మధ్యనే ఉంది. వెన్నెలకి ఎనిమిది పుటలు, తెరచాప చిరుగుకి ఆరు.

"ఈపాటికి నేను కోటిపల్లి రేవు దాటి, ద్రాక్షారామంలో దర్శనం చేసుకుని, తిరిగొచ్చి భోంచేసేద్దును" అంటూ పుస్తకాన్ని అరుక్కేసి కొట్టేవారు. ఆ రాసినవాడి చేతికి తెడ్డిచ్చి ఏట్లో వదిలెయ్యాలని రోజూ శాపనార్థాలే. రెండు పడుగులు పాడయ్యేయి. పాత కథలే చదవమని అందరం మొత్తుకున్నాం. వింటేగా, మొండిఘటం! నాకైతే ఒళ్ళు మండిపోయింది.

ఆయన ఆ పుస్తకం వదలకపోవడానికి అసలు కారణం సూరమ్మని తర్వాత తెలిసింది. మా పక్కింటి పిల్ల. మొగుడు పోలిరాజు కోరంగిలో ఓడెక్కి రంగూను వెళ్ళి ఏడాదైంది, కబురు లేదు. కథలో పడవ ఒడ్డుకొస్తే తన మనిషీ వస్తాడని మొక్కుకుని, ఆ పిచ్చిది రాత్రి భోజనం మానేసింది. చిక్కి సగమైపోయింది. ఒడ్డు కనపడిందాండీ అని రోజూ మావయ్యనే అడిగేది.

ఒకరోజు మావయ్య చదువుతూ చదువుతూ ఆగేరు. మొహం కందగడ్డయింది. ఇంక తిట్లే అనుకున్నాం. తిట్టలేదు. గొంతు సవరించుకుని గబగబా చదివేసేరు. గాలి తిరిగిందిట, పడవ రేవు చేరిందిట, వాడు ఇంటికి పరిగెత్తేట్ట, పెళ్ళాం వేడన్నం వడ్డించిందిట. కథ కంచికెళ్ళింది. సూరమ్మ ఏడ్చి, నవ్వి, ఆ రాత్రి మా ఇంట్లోనే కడుపునిండా తింది.

నాకూ నాలుగక్షరాలు వచ్చు. అనుమానమొచ్చి పుస్తకం తీసి చూసేను. అందులో పడవ ములిగిపోయింది. ఆ ములగడానికీ పదకొండు పుటలు.

మావయ్య పుస్తకం లాక్కున్నారు. "నీకు చదువొచ్చని సూరమ్మకి తెలిసిందో, నీ కాళ్ళిరగ్గొడతాను."

మర్నాడు పొద్దున్నే సూరమ్మ కుంచె పట్టుకుని వచ్చేసింది.

"బాబాయిగారూ, ఎంత బాగుందోనండీ కథ. మళ్ళీ మొదట్నుంచీ చదవరూ?"

మావయ్య నాకేసి ఓసారి కొరకొరా చూసేరు. తర్వాత పుస్తకం తెరిచి, "ఆయ్, అలాగేనమ్మా" అని, ఆ ఏబ్రాసిగాణ్ణి మళ్ళీ పడవెక్కించేరు.