పోయొస్తాం అన్నందుకు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. తలుపు చేరవేసి రండి, ఇది గట్టిగా చెప్పే మాట కాదు.

మాది పులివెందుల. మా గోడకు ఆనుకున్న ఇంట్లో ఒక అక్క ఉండేది. దూదేకుల ముస్లింలు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆమె భర్త కువైట్‌లో డ్రైవరు. రోజూ పొద్దున్నే ఫోను చేసే మనిషి, ఆ ఏడు నలభై రోజులు పలకలేదు. అక్క కంచం ముందు కూర్చుని, ఫోను చూసి, తినకుండానే లేచిపోయేది. ఇట్లాగైతే ఈమె దక్కదని నేనే బయలుదేరదీశాను. గండికోట చూసి, ప్రొద్దుటూరులో గాజులు కొనుక్కుని, హోటల్లో తిని వచ్చేద్దామని.

జమ్మలమడుగులో బస్సు దిగి ఆటోలో కోటకు పోయాం. గుడి చూశాం. మసీదులో అక్క చాలాసేపు దువా చేసుకుంది. తర్వాత లోయ అంచుకు నడిచాం. కింద పెన్న సన్నగా పారుతోంది. రెండు పక్కలా ఎర్రబండలు ఎవరో పేర్చినట్టు నిలబడి ఉన్నాయి. అరిస్తే లోయ తిరిగి పలుకుతుందని మజ్జిగ అమ్మే అవ్వ చెప్పింది.

"నువ్వూ అరిసి చూడు పాపా, దుడ్లు అడగదులే, ఊరికే పలుకుతాది!"

అక్క కొంగు బిగించి, భర్తను తలుచుకుని అరిచింది.

"యాడుండావూ?"

లోయ ముందున్న 'యాడ'ను మింగేసి మిగతాది తిరిగి ఇచ్చింది. "ఉండావూ..."

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "విన్యావా మే? ఉండాడంట!"

"అది నీ గొంతే లేక్కా."

"గొంతు నాదే. ఆ మాట నేనన్యానా?"

ఎక్కడి నుంచి లేచినా "పోతాం" అనకూడదని మా అమ్మ నేర్పిన అలవాటు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, అవ్వకు వినపడేట్టు కేకేశాను.

"పోయొస్తాం అవ్వా!"

అవ్వ కంటే ముందు లోయ పలికింది. "వొస్తాం..."

అవ్వ చేతిలో గ్లాసు అట్లాగే ఆగిపోయింది. "ఈడ ఆ మాట అనగూడదు పాపా. గమ్మున లేచి పోవల్ల."

నేను నవ్వేసి ఆటో ఎక్కాను.

ప్రొద్దుటూరు చేరేసరికి దీపాలు పెట్టేశారు. బంగారు అంగళ్ళ వీధి పెళ్ళి పందిరి మాదిరి వెలిగిపోతోంది. అక్క ఎర్రగాజులు పట్టుకుని, పక్కన పెట్టి, పచ్చవి వేయించుకుంది. ఆయనకు పచ్చవే ఇష్టమట.

హోటల్లో కూర్చున్నాం. సర్వరు మూడు గ్లాసుల నీళ్ళు తెచ్చి పెట్టాడు.

"ఇద్దరమేనప్పా," అన్నాను.

"మీ ఎనకాల వచ్చినాయన చేతులు కడుక్కోను పాయ గదమ్మా!"

ఆ పక్కకు చూశాను. కొళాయి తిప్పి ఉంది, నీళ్ళు పోతున్నాయి. మనిషి లేడు.

సరిగ్గా అప్పుడే అక్క ఫోను మోగింది. ఏదో కొత్త నంబరు. నేనే నొక్కి, స్పీకరు పెట్టాను.

"నేను మే. ఫోను పగిలిపాయ. ఇసకలో యాడనో పనికేసినారు, ఆడ టవర్ ల్యాకపాయ. నేను బాగుండా." అంతలోనే గొంతు తగ్గించి అడిగాడు. "నీ పక్కన ఎవరు? నేననేది మళ్ళా అంటాండారు."

"ఎవరూ లేరు," అంది అక్క, ఏడుస్తూనే నవ్వుతూ. "నువ్వుండావు, అది సాలు."

నలభై రోజుల తర్వాత ఆమె కడుపునిండా తినడం చూశాను. లేచేటప్పుడు చూస్తే మూడో గ్లాసులో నీళ్ళు సగమే ఉన్నాయి. అక్కే తాగిందేమో.

రెండు నెలలకు ఆయన ఇంటి ముందు ఆటో దిగాడు. ఒక్కడే మనిషి, ఒక్కటే పెట్టె. నేను గడపలో ఎదురుపోయి పలకరించాను.

"వస్తివా అన్నా?"

"వచ్చినాం మ్మా," అన్నాడు.

అక్క ఆ మాట విననే లేదు, ఆయన ముఖమే చూస్తోంది. నేను లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చాను. రెండు గ్లాసులు తెచ్చాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ గడప దాటి వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలి. ఎంతమంది వెళ్ళారో, అంతమందే రావాలి.