నాయనమ్మ ఎక్కిన బండి

నా చిన్నప్పుడు మేము బందరులో ఉండేవాళ్ళం. మా మేనత్తది గుడివాడ. కూతుర్ని చూడటానికి మా నాయనమ్మ తరచూ రైల్లో గుడివాడ వెళ్ళేది. నేను పుట్టకముందే ఆవిడకు చూపు పోయింది కాబట్టి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం నా పని. అప్పట్లో అది బొగ్గు ఇంజను బండి. దిగేసరికి మా ఇద్దరి మొహాలూ నల్లబడేవి. ఆవిడ పమిట చెంగుతో ముందు నా మొహం తుడిచి, తర్వాత తనది తుడుచుకునేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆవిడ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఎముక అతికింది గానీ ఇక రైలు మెట్లెక్కే ప్రయాణాలు వద్దన్నారు డాక్టరుగారు. అప్పటినుంచి మేనత్తే వచ్చి చూసి వెళ్ళేది. అయినా సాయంత్రం బండి కూత వినపడగానే, మాట్లాడుతున్న నాయనమ్మ కాస్తా మధ్యలో ఆగిపోయేది. అది నేను చూడలేకపోయేదాన్ని. ఆవిడ బండి దగ్గరికి వెళ్ళలేకపోతే బండినే ఇంటికి తెద్దామని నాకు పట్టుదల పుట్టింది.

అగ్గిపెట్టెలు, అట్టముక్కలు, సోడా మూతలు పోగేశాను. మైదా జిగురుతో అంటించి, మా నాన్నను బతిమాలి ఎర్రరంగు వేయించాను. తెల్లరంగుతో కిటికీలు నేనే గీశాను. ఇంట్లో వాళ్ళంతా అచ్చం రైలేనన్నారు. వీధిలో పిల్లలు వరసగా వచ్చి చూసి వెళ్ళారు. ఆ రోజు నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

సాయంత్రం దాన్ని తెచ్చి నాయనమ్మ ఒళ్ళో పెట్టాను. ఆవిడ ఈ చివరి నుంచి ఆ చివరికి తడిమింది. మళ్ళీ తడిమింది.

"అగ్గిపెట్టెలు కదే ఇవి?" అంది.

నాకు ఏడుపొచ్చింది. "రైలు నాయనమ్మా. కిటికీలు కూడా ఉన్నాయి."

"ఉండే ఉంటాయిలే. నా చేతికి దొరకలేదు, అంతే."

బాగుందని చెప్పి ఊరుకోవడం ఆవిడకు పెద్ద పని కాదు. ఇంట్లో అందరూ అదే చేశారు. ఆవిడ మాత్రం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అరచేత్తో నా కళ్ళు మూసింది. "పద, మనిద్దరం గుడివాడ వెళ్ళొద్దాం" అంది.

నా చెయ్యి పట్టుకుని గాల్లోకి లేపి, "తలుపు పక్క కమ్మీ దొరికిందా? ఎండకు కాలుతోంది, చూసుకో" అంది. తర్వాత మోకాలంత ఎత్తున మెట్టు. లోపల సన్నటి చెక్కలు పరిచిన బల్ల, చెక్కకూ చెక్కకూ మధ్య వేలు పట్టే సందు. కిటికీకి అడ్డంగా ఇనుప ఊచలు, వాటి మీద గరగరలాడే బొగ్గునుసి. పెడన దాటాక పొలాల మీదనుంచి వచ్చే తడిగాలి. ఆవిడ పక్కన కూర్చుని నేను ఎన్నోసార్లు వెళ్ళిన బండే అది. కానీ ఆవిడ ఎక్కే బండి ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

ఎర్రబండిని విప్పేశాను. కొత్తదానికి చాలా రోజులు పట్టింది. చీపురుపుల్లలు ఊచలయ్యాయి. పుల్లైసు పుల్లలు చీల్చి బల్లలు చేశాను. మా అమ్మ తలపిన్ను వంచి తలుపు పక్కన కమ్మీ పెట్టాను. కిటికీ అంచులకు జిగురు పూసి ఇసుక చల్లాను. రంగు సంగతి గుర్తే రాలేదు.

మళ్ళీ తెచ్చి ఒళ్ళో పెట్టి ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ చూపుడువేలు తలుపు దగ్గర ఆగింది. కమ్మీ పట్టుకుంది. రెండు వేళ్ళను మెట్టు మీద ఆనించి, మెల్లగా లోపలికి నడిపించి, కిటికీ పక్క బల్ల మీద కూర్చోబెట్టింది.

"పెడన వచ్చిందా?" అంది.

"వస్తోంది నాయనమ్మా."

పెరట్లో ఉన్న మా నాన్నను కేకేసింది. "ఒరేయ్, ఇలా రారా. నా మనవరాలు నాకు బండి తెచ్చింది."

ఆ తర్వాత ఇంటికి ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారినీ వదల్లేదు, పాలు పోసే మనిషినీ వదల్లేదు. అందరి చేతా కళ్ళు మూయించి, బండి ఎక్కించిగానీ పంపేది కాదు. నేను గుమ్మంలో నిలబడి వింటూ ఉండేదాన్ని. బళ్ళో ఫస్టు మార్కు వచ్చినప్పుడు కూడా నాకు అంత గర్వంగా అనిపించలేదు.

బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక, గుడివాడలో స్థిరపడి, మా ముందుగది నిండా బల్ల వేయించి దాని మీద బందరు నుంచి గుడివాడ దాకా రైలు లైను కట్టాను. చిన్న మోటారుతో ఇంజను నడుస్తుంది. పెడన, గుడ్లవల్లేరు స్టేషన్లలో ఆగుతుంది. సెలవు రోజుల్లో పిల్లలు చూడటానికి వస్తారు. ముట్టుకోవచ్చా అండీ అని వాళ్ళ అమ్మలు మొహమాటంగా అడుగుతారు. ముట్టుకోవడానికే చేశానండీ అంటాను. మధ్యన ఒకసారి అవనిగడ్డ నుంచి చూపులేని పెద్దాయన ఒకరు కూతురి చెయ్యి పట్టుకుని వచ్చారు. ఒక రైలుపెట్టెను చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. "మా బావా నేనూ కాలేజీకి దీంట్లోనే వెళ్ళేవాళ్ళమమ్మా" అన్నారు. ఆ మాట నేను ఎంతమందికి చెప్పుకున్నానో నాకే తెలియదు.

ఇప్పటికీ ఒక పెట్టె పూర్తయిందని నా కళ్ళు చెబితే నమ్మను. కళ్ళు మూసుకుని, తలుపు దగ్గర వేలు ఆనించి, మెట్టెక్కి లోపలికి వెళ్తాను. కిటికీ పక్కన కూర్చోగలిగితేనే రంగు డబ్బా మూత తీస్తాను.